ఎడమవైపు గిటారు

నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
14 జూన్ 1992

తిరుమలా,

నీ ఎడమ చెవి సరిగ్గా ఏ రోజున వినిపించడం మానేసింది?

ఇరవై ఏళ్ళుగా ఈ మాట అడగాలనుకుంటున్నాను. నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఎదురుగా ఉన్నావు కనక అడగలేకపోయాను. వాల్తేరుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుని వెళ్ళిపోయాక, క్షేమ సమాచారాల మధ్య ఇదేం ప్రశ్న అని ఊరుకున్నాను. ఈసారి మొదటే రాసేశాను. చివర్లో రాద్దామనుకుంటే చివరికి చోటు మిగలకుండా నేనే చూసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. మీ బావగారికి బ్యాంకులో ఆడిట్. ఇంటికొచ్చినా మొహం ఆడిట్‌లోనే ఉంటోంది. నాకు కాలేజీ తెరవడానికి పదిహేను రోజులుంది. పోయిన వారం గోల్ బజారులో ఖాళీ క్యాసెట్లు కొందామని వెళ్ళాను. మా కాలేజీ అమ్మాయిల వక్తృత్వ పోటీలు రికార్డు చేయాలని ప్రిన్సిపాల్ పట్టుదల. అక్కడ గాజు బీరువాలో భజనల పక్కన నల్లటి అట్టపెట్టె కనిపించింది. రెండు క్యాసెట్లు. మీద ఎర్ర అక్షరాలతో ‘రెడ్ క్వారీ: ఇరవై ఏళ్ళు’ అని.

నీ ఇంగ్లీషు పాటల బ్యాండు పేరు నేనెలా మర్చిపోతాను? ఇంగ్లీషు ముక్క రాని అమ్మ కూడా, “ఆడి రెడ్డు కోరీ ఎట్టీసినాడు మళ్ళీ” అనేది కదా. వాళ్ళు మొదలుపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా చేసిన రికార్డుల్లోంచి ఇరవై ఎనిమిది పాటలు ఏరి కూర్చారట. అట్టకి ఒకవైపు 1970 నాటి ఫోటో. ఐదుగురున్నారు, జుట్టు భుజాల దాకా. రెండోవైపు 1990 నాటిది. ముగ్గురే ఉన్నారు. అందులో ఒకాయన పొట్ట మన సత్యనారాయణ మామయ్యకి తగ్గదు.

చూడగానే నీ కోసం కొన్నాను. గార్డు సూర్యంగారు రైల్వే పాస్ మీద సింహాచలం వస్తున్నారు. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నీకు కోపం రాకూడదనే అనుకుంటున్నాను. వస్తే రాయి.

రాజశ్రీని అడిగానని చెప్పు. ప్రణీతకి ఆశీస్సులు.

నీ అప్ప,
తనూజ


మర్రిపాలెం, విశాఖపట్నం
27 జూన్ 1992

అప్పకి,

సూర్యంగారు మొన్న వచ్చి పెట్టె ఇచ్చారు. “మీ అప్పగారు పాటలేవో పంపారండీ, మీద బొమ్మలు చూస్తే భయమేసి మా ఆవిడ పూజ సామాన్లకి దూరంగా పెట్టింది” అన్నారు. మనిషి మారలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. తేదీ ఏటీ నాకు తెలీదు. మెడికల్‌లో రైల్వే డాక్టరు నా కుడి చెవి మూసి, వెనకాల నిలబడి గుసగుసగా ఏదో అన్నాడట. అన్నాడని కూడా నాకు తెలీలేదు, అలగే నిలబడ్డాను. ఆయన ముందుకొచ్చి నా మొహం చూసి ఫారం మీద రాసుకున్నాడు. రైలింజను మీద ఫైర్‌మన్ అవాల్సినవాణ్ణి, స్టోర్స్‌లో గుమస్తానయ్యాను. ఎందుకలగ అయిందో నాన్నతో నువ్వే చెప్పావు. చెప్పి ఇరవయ్యేళ్ళయ్యాక మళ్ళీ నన్ను అడుగుతావేటి?

క్యాసెట్లు విన్నాను. విననని అనుకుని విన్నాను. మొదటి పాట రాగానే కుర్చీలోంచి లేచిపోయాను. అచ్ఛా, నిజం చెప్పాలి కదా, బాగుంది. కాని ఏరినోడెవడో బుర్రలేనివాడప్పా. నాన్న తన ఇంజను ఫైర్‌బాక్సులో పడేసిన నా మూడు రికార్డుల్లో రెండోదాని మీద ఏడు నిమిషాల పాటొకటి ఉండేది. అది లేదు. డెబ్భై నాలుగు నుంచి డెబ్భై ఎనిమిది దాకా అసలు ఒక్క పాటా లేదు. ఆ నాలుగేళ్ళూ వాళ్ళు అన్నం తినలేదా ఏటి?

ఇంకోటి. ఇప్పుడు అంతా స్టీరియో. పక్క క్వార్టరు డిక్రూజ్‌గారు ఆస్ట్రేలియా వెళ్తూ నాకిచ్చిన రికార్డు ప్లేయరు డబ్బాకి ఒకటే స్పీకరు. అప్పుడు చెవులు రెండూ, స్పీకరు ఒకటీ. ఇప్పుడు స్పీకర్లు రెండూ, చెవి ఒకటీ. ప్రణీత హెడ్‌ఫోన్ పెట్టుకుని, “నాన్నా, ఎడమవైపు ఇంకో గిటారుంది, అది విను” అని నా ఎడమ చెవికి ఆనించింది. ఎగతాళికి కాదులే, పాపం మర్చిపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండు క్యాసెట్లూ బీరువాలో పెట్టి తాళం వేశాను.

ప్రణీత ఆరు నెలల నుంచి గిటారు నేర్చుకుంటానని ప్రాణం తీస్తోంది. నేను వద్దన్నాను. ఇంట్లో ఒక చెవి పోయింది చాలు. నువ్వు ఇన్నాళ్ళూ లేనిది సరిగ్గా ఇప్పుడు ఈ పెట్టె పంపావంటే, అది నీకు ఉత్తరం రాసి ఉండాలి. అత్తా మేనకోడలూ కలిసి నా వెనకాల ప్లాన్ చేశారు. అడుగుతున్నాను, అవునా కాదా?

బావగారికి నమస్కారాలు.

తిరుమల


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
12 జూలై 1992

తిరుమలా,

అవును. ప్రణీత రాసింది. “అత్తా, నాన్న నీ మాట వింటాడు, నువ్వు చెప్పు” అని. నేను చెప్పడానికి జంకి క్యాసెట్లు పంపాను. నీకు పాత ఇష్టం తిరిగొస్తే నువ్వే కరుగుతావనుకున్నాను. నిన్ను మోసం చేద్దామని కాదు. అయినా నీకలా అనిపించడంలో తప్పు లేదు.

నీ ఉత్తరంలో ఎడమవైపు గిటారు సంగతి చదివాక నాలుగు రోజులు అదే పట్టుకుంది. దెప్పావో, మామూలుగా రాశావో తెలియలేదు. చివరికి మళ్ళీ గోల్ బజారు వెళ్ళి అదే పెట్టె ఇంకొకటి అడిగాను. కొట్టాయన నా జరీ అంచు చీర, కళ్ళజోడు ఎగాదిగా చూసి, “మేడమ్‌జీ, భజన్ ఇటువైపు” అన్నాడు. నాకు భజన్ వద్దు, ఇదే కావాలన్నాను. “బచ్చోం కే లియే?” అన్నాడు, పిల్లల కోసమేమోనని. “నాకే” అన్నాను. వాళ్ళావిడని లోపలినుంచి పిలిచి మరీ నన్ను చూపించాడు.

మీ బావగారి వాక్‌మన్ తీసుకుని, హెడ్‌ఫోన్ కుడిబిళ్ళ చెవికి అందకుండా పైకి జరిపి, ఎడమబిళ్ళ ఒక్కటే పెట్టుకుని విన్నాను. నీకు వినిపించనిది రాసి పంపుదామని. ఈ సంగీతం నాకు అర్థం కాదు. నాకు తోచినట్టు రాస్తాను, నవ్వకు.

మొదటి పాటలో ఈ వైపు గిటారు కోపంగా గిన్నెలు తోముతున్నట్టుంది. గాయకుడు ఆగినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా తోముతుంది. మూడోదానిలో చివర ప్లాట్‌ఫారం మీద రైలు బ్రేకు వదిలినట్టు పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చి, చాలాసేపు నిలబడి తగ్గుతుంది. ఐదో పాటలో ఇటువైపు దాదాపు ఏమీ లేదు. డోలక్‌లాంటిదేదో దూరంగా. రెండో క్యాసెట్ చివరికి వచ్చేసరికి ఆ పాడే మనిషి గొంతు వయసైపోయింది తిరుమలా. పైకి వెళ్ళాల్సిన చోట వెళ్ళకుండా కిందే ఉండి సర్దుకుంటున్నాడు. అది మాత్రం నాకు నచ్చింది.

ఇంకొకటి తోచింది. ఒకళ్ళ ఇరవై ఏళ్ళలోంచి ఏరేవాడు బాగున్నవే ఏరుతాడు. మనిద్దరి సంగతీ ఎవరైనా అలా కూర్చితే నేను నీకు లెక్కలు చెప్పడం, నీ కాలేజీ ఫీజు గురించి నాన్నతో వాదించడం పెడతారు. ఒక రోజు మాత్రం పెట్టరు. ఆ రోజు గురించి రాయడానికే ఇంతసేపూ గిటార్ల గురించి రాశాను.

నీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాను. వరసగా రాస్తే గాని నాకు ధైర్యం రాదు.

1971 ఏప్రిల్. వారంలో నా ఎమ్మే ఫైనల్. నాన్న తెల్లవారే నాగపూర్ నుంచి డ్యూటీ దిగి వచ్చాడు. సాయంత్రం మళ్ళీ మెయిల్ తీసుకెళ్ళాలి. లోపలి గదిలో పడుకున్నాడు. వీధి తలుపుకి ఎర్ర జెండా తగిలించి ఉంది. మన లైనులో అందరికీ తెలుసు. ఆ జెండా ఉంటే పాలవాడు కూడా సైకిలు గంట కొట్టడు. డ్రైవరుకి పగటి నిద్ర చాలకపోతే రాత్రి ఏమవుతుందో అమ్మ మనకి పాలతో పాటు నేర్పింది. అమ్మ రేషన్‌కి వెళ్ళింది. నువ్వు ముందు గదిలో ఆ డబ్బా పెట్టుకుని, చిన్నగా, చెవి ఆనించి వింటున్నావు. నేను వంటింట్లో చదువుకుంటున్నాను. ఉన్నట్టుండి ఏం పుట్టిందో, సౌండు గుబ్బ మొత్తం తిప్పేశావు. కిటికీ రెక్కలు అదిరాయి.

నేను పరుగెత్తుకొచ్చి నిన్ను కొట్టాను. చెంప మీద కొట్టాననుకున్నాను గాని అరచెయ్యి మొత్తం చెవికి మూతలా పడింది. టప్పుమని చప్పుడైంది. నాకది ఇప్పటికీ చేతిలో ఉంది. నువ్వు నోరు తెరిచావు. నాన్న లేస్తాడని నీ నోరు కూడా నేనే మూశాను. నువ్వు చెవి పట్టుకుని, శబ్దం రాకుండా ఏడ్చావు. పద్దెనిమిదేళ్ళవాడివి. లోపల్నుంచి నాన్న, “ఏటా సప్పుడు?” అన్నాడు. “గిన్నె పడింది నాన్నా, పడుకో” అన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు పిలిచినప్పుడల్లా నువ్వు తల తిప్పి కుడిచెవి ఇచ్చేవాడివి. నేను చూశాను. చూసి, వెళ్ళి పరీక్ష రాసి, ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నాను.

నీ చెవి పోయింది పాటల వల్ల కాకపోవచ్చు తిరుమలా. నా చెయ్యి వల్ల కావచ్చు. ప్రణీతకి గిటారు వద్దనడానికి ముందు ఈ సంగతి నీకు తెలియాలి.

నీ అప్ప,
తనూజ


మర్రిపాలెం
25 జూలై 1992

అప్పా,

ఉత్తరం అందింది. ఇది నిజంగా జరిగిందని రాశావా, ప్రణీతకి గిటారు ఇప్పించడానికి రాశావా? రెండోదైతే చాలా గట్టిగా రాశావు. ఆలోచించుకోవాలి. కార్డు మీద ఇంతకన్నా రాయను. మా పోస్ట్‌మన్ ఆదినారాయణ చదివి, “మీ అప్పగారు బాగున్నారాండీ” అని అడుగుతాడు.

తిరుమల


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
9 ఆగస్టు 1992

తిరుమలా,

నీ కార్డు చదివి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. మూడో రోజుకి నీ అనుమానంలో న్యాయం ఉందనిపించింది. ఇరవై ఏళ్ళు నోరు మెదపనిది సరిగ్గా ఒక పిల్ల గిటారు అడిగినప్పుడే చెప్పిందంటే ఎవరైనా అదే అనుకుంటారు. ప్రణీత రాయకపోతే నీకు చెప్పేదాన్నా అని నన్ను నేను అడిగితే, చెప్పేదాన్ని కాదనే వస్తోంది.

కాని అల్లలేదు. ఎంత గట్టిగా రాశానో నువ్వే అన్నావు. అల్లడానికి నాకు అంత చేతనైతే కథలు రాసుకునేదాన్ని.

అసలు సగమే రాశాను. మిగతా సగం ఇది. దెబ్బ సంగతి కన్నా దీనికే నాకు ఎక్కువ సిగ్గు.

మెడికల్ ఫెయిలై నువ్వు ఇంటికొచ్చిన రోజు. నాన్న అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు. కొడుకు తన ఇంజనెక్కుతాడని షెడ్‌లో అందరికీ స్వీట్లు కూడా పంచేశాడు కదా. “ఏటయ్యిందిరా సెవికి? ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?” అని నిన్ను అడిగాడు. నువ్వు పళ్ళెంలోకి చూస్తూ ఏమీ అనలేదు. అమ్మ కూడా అడిగింది. అప్పుడు అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కదా, ఇంట్లో ఏ కాగితం వచ్చినా, ఏ మందు సీసా వచ్చినా నేనే చదివి చెప్పాలి. నేను చెప్పాను. “ఎప్పుడూ ఆ డబ్బాకి చెవి ఆనించుకుని ఉంటాడు కదా నాన్నా. దానివల్లే. పెద్ద శబ్దాలకి కర్ణభేరి పాడవుతుందని పుస్తకాల్లో ఉంది.”

అంతే. ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు. మర్నాడు నాన్న నీ మూడు రికార్డులూ టిఫిన్ క్యారియర్‌తో పాటు డ్యూటీకి పట్టుకెళ్ళాడు. నువ్వు గేటు దాకా వెనకాల వెళ్ళావు. ఏమన్నాడో నాకు తెలియదు. డబ్బాని షెడ్‌లో ఎవరికో ఇచ్చేశాడు. నేను కిటికీ లోంచి చూస్తూ, ఇంకొకసారి ఎవరైనా అడిగితే చెప్పేద్దాం అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

నేను క్లాసులో ఆధారం లేకుండా ఏదీ నమ్మొద్దని చెప్తాను. చరిత్ర పాఠం అంటే అదేనంటాను. మా అమ్మాయిలు రాసుకుంటారు.

నువ్వు ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదు? నన్ను కాపాడాలనా? ఇది కూడా ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది. అడిగేస్తున్నాను.

నీ అప్ప,
తనూజ


మర్రిపాలెం
20 ఆగస్టు 1992

అప్పకి,

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ముందు చిన్న విషయం చెప్తాను, తర్వాత పెద్దది.

చిన్న విషయం. నువ్వు హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నావు. గిన్నెలు తోమడం, బ్రేకు వదిలిన నిట్టూర్పు, ఐదో పాటలో డోలకు, అన్నీ కుడివైపువే. నాకు వినిపించినవే. చదివి ఇదేటి అనుకుని, బీరువా తాళం తీసి ప్రణీతని పిలిచాను. అది రెండు వైపులా విని, “అవును నాన్నా, అత్త రాసిందంతా కుడిది. ఎల్, ఆర్ అని రాసుంటుంది కదా, చూసుకోదా?” అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. రాజశ్రీ వంటింట్లోంచి వచ్చి, ఇంట్లో నవ్వులేటని ఆశ్చర్యపోయింది. దానికి నీకు థాంక్స్.

ఆ నవ్వులో పడి నీ ఉత్తరాలు టేబులు మీదే ఉంచేశాను. ప్రణీత చదివేసింది. సాయంత్రం వచ్చి ఎదురుగా నిలబడింది.

“అయితే నీ చెవి తిన్నది పాట కాదన్నమాట.”

“నీకెవరు చెప్పేరే?”

“అత్త. ఎమ్మే.”

“ఆ ఎమ్మేయే ముందు పాట అని చెప్పింది.”

“అప్పుడు భయపడి చెప్పింది. ఇప్పుడు భయం లేకుండా చెప్తోంది. ఏది నమ్మాలి నువ్వే చెప్పు.”

దీన్ని లా చదివించాలి.

ఇప్పుడు పెద్దది. కొట్టావు. నాకు గుర్తుంది. అల్లావని రాసినందుకు ఏటీ అనుకోకు. కాని అప్పా, ఎడమ చెవి మీద కాదు. నేను ఆ రోజు కూర్చుని లేను. నేల మీద బోర్లా పడుకుని, ఎడమ చెవి డబ్బాకి ఆనించి ఉన్నాను. ఎప్పుడూ అలగే వినేవాణ్ణి. ఎడమ చెవి కిందుంటే పైకి ఉండేది ఏది? నువ్వు నిలబడి పైనుంచి కొట్టావు. పడితే కుడి మీద పడాలి. కుడి చెవి ఇప్పటికీ గడియారంలాగ పనిచేస్తోంది. పోయింది డబ్బాకి ఆనించినది. మరి తప్పు దేనిది?

నాన్న అడిగినప్పుడు నేను నిన్ను కాపాడలేదు. నాకు ఆ దెబ్బ బుర్రలోకే రాలేదు. నేనూ డబ్బావల్లే అనుకున్నాను. ఏడుపొస్తుందని నోరు విప్పలేదు, అంతే. కాబట్టి నువ్వు నాన్నతో చెప్పింది నిజమే. ఇరవయ్యేళ్ళూ అనవసరంగా మోశావు. దించేయి.

దించేస్తే ఏటవుతుందో కూడా రాస్తాను. నీ తప్పు లేదంటే పాట తప్పే. పాట తప్పైతే నేను ప్రణీతకి గిటారు ఇవ్వను. నా కూతురి చెవుల మీద నేను పందెం కాయను.

నీ ఉత్తరం చదివినప్పుడు నాకు కోపం ఎందుకొచ్చిందో తెలుసా? దెబ్బకి కాదు. దెబ్బలు మన ఇంట్లో ఎవరు తినలేదు? నువ్వు రాసింది నిజమైతే, నాకు అంత ఇష్టమైనదాన్ని ఇరవయ్యేళ్ళు ఉత్తినే తిట్టుకున్నట్టు. పెళ్ళిళ్ళలో బ్యాండు వస్తే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. దానికి నేను సిద్ధంగా లేను.

అందుకని నీకే వదిలేస్తున్నాను. దెబ్బ ఎడమ చెవి మీదే పడిందని, ఏ అనుమానం లేకుండా, ఒక్క లైను రాయి. ‘నేను అనుకుంటాను’, ‘కావచ్చు’ లాంటివి ఉండకూడదు. అది వచ్చిన రోజే ప్రణీతని వెంటబెట్టుకెళ్ళి గిటారు కొంటాను. రాయలేకపోతే, పాటే అని ఒప్పుకున్నట్టు. ఇంక ఈ మాట మన మధ్య రాకూడదు.

తొందరేం లేదు. ప్రణీత మాత్రం రోజూ ఆదినారాయణకి ఎదురెళ్తోంది.

తిరుమల


నెహ్రూ నగర్, బిలాస్‌పూర్
6 సెప్టెంబరు 1992

తిరుమలా,

ఆ ఒక్క లైను కోసం పదిహేను రోజులు తీసుకున్నాను.

ముందు మీ బావగారిని ముందు గదిలో నేలమీద బోర్లా పడుకోబెట్టాను. ఎడమ చెవి పీటకి ఆనించమన్నాను. “ఆడిట్ అయిందనుకున్నాను, ఇదొకటా” అన్నారు గాని పడుకున్నారు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి కొట్టబోయాను. నువ్వన్నట్టే నా చెయ్యి కుడిచెవి మీదకే వెళ్ళింది. ఆయన్ని కూర్చోబెట్టి, నాకు ఎదురుగా తిప్పి, మళ్ళీ వచ్చాను. అప్పుడు ఎడమ మీదకే వెళ్ళింది. పనిమనిషి అప్పయమ్మ గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడిపోయి, “అమ్మగోరూ, అయ్యగోరేటి సేసినారండీ?” అంది. ఏమీ చేయలేదని చెప్పాను. నమ్మలేదు.

కాబట్టి నువ్వు పడుకున్నావా, కూర్చున్నావా అన్నదొక్కటే తేలాలి. నేను కళ్ళు మూసుకుంటే కొట్టిన క్షణంలో నీ రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి. పడుకున్నవాడివైతే రెండు కళ్ళూ నాకు ఎలా కనిపిస్తాయి? కూర్చునే ఉన్నావని గట్టిగా అనిపించింది. కాగితం తీసుకుని, ‘దెబ్బ ఎడమ చెవి మీదే పడింది’ అని రాశాను కూడా. రాశాక, ఆ కళ్ళు కొట్టినప్పటివా, కొట్టాక నువ్వు లేచి చెవి పట్టుకున్నప్పటివా అని అనుమానం వచ్చింది. కొట్టేశాను. మర్నాడు మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాను. అలా నాలుగు కాగితాలు.

ఆ నాలుగు రోజుల తల తిప్పడం కూడా ఉంది. నువ్వు కుడిచెవి ఇచ్చేవాడివని రాశాను. కాని హెడ్‌ఫోన్ బిళ్ళ మీద అక్షరం ఉండగా కూడా ఏది ఎడమో చూసుకోని మనిషిని నేను. ఎదురుగా నిలబడ్డ నీకు ఏది కుడో అప్పుడు సరిగ్గా చూశానని ఏం నమ్మకం?

ఆ హెడ్‌ఫోన్ సరైన వైపుకి తిప్పి పెట్టుకుని మళ్ళీ మొత్తం విన్నాను, ఈసారి రెండు వైపులా విడివిడిగా. నిజమైన ఎడమవైపు మొదటి పాటలో రెండో గిటారు ఉంది. అది గిన్నెలు తోమదు. మొదటిది ఒక మాట అన్నాక కాస్త ఆగి, అదే మాట మెల్లగా, కొంచెం మార్చి అంటుంది. ఒప్పుకుంటున్నట్టూ ఉంటుంది, ఒప్పుకోనట్టూ ఉంటుంది. మిగతావి విడిగా రాసి పంపుతాను, ఇందులో కలపను. అవి నీకు ఇవ్వాల్సినవి. నువ్వు గిటారు కొన్నా, కొనకపోయినా పంపుతాను.

నువ్వు అడిగిన లైను మాత్రం రాయలేను తిరుమలా. రాయడం చాలా సులువు. రాస్తే పిల్ల సంతోషిస్తుంది, నాకు శిక్ష పడ్డట్టుంటుంది. అందుకే భయం. అప్పుడు నాన్న ముందు కూడా నాకు ఆ క్షణంలో ఏది సులువో అదే అనుమానం లేకుండా చెప్పాను. చదువుకున్న మొహం పెట్టి చెప్పాను. ఇంకోసారి అలా చెప్పలేను.

రాయలేకపోతే పాటే అని ఒప్పుకున్నట్టు అన్నావు. అది కూడా ఒప్పుకోను. నాన్న పడుకున్నప్పుడల్లా నువ్వు ఎంత చిన్నగా పెట్టుకునేవాడివంటే గుమ్మం అవతలికి వినిపించేది కాదు. అంత చిన్న శబ్దం చెవిని తినేస్తుందా? రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో పెద్దగా వినేవాడివి, నిజమే. అది ఎంతసేపు, ఎన్నిసార్లు, నాకు తెలియదు. నీకూ తెలియదు.

ప్రణీతని ముందు మంచి చెవుల డాక్టరుకి చూపించు. ఎంత శబ్దం దాకా పరవాలేదో, ఎంతసేపు పరవాలేదో ఆయన్నే అడుగు. నన్ను అడగొద్దు. ఆయన సరేనంటే గిటారు కొను. నేను కొనమనే అంటున్నాను. నా మాట మీద కాదు, దాని ఇష్టం మీద కొను. పద్నాలుగేళ్ళకి అంత ఇష్టం ఉన్న పిల్ల ఎదుట మనం మన 1971 ఏప్రిల్‌ని అడ్డం పెట్టకూడదనిపిస్తోంది. ఇలా అంటున్నది దాని కోసమా, పాట తప్పు కాదంటే ఆ తప్పు నా మీదకి వచ్చి నాకు ఒక రకంగా తేలికవుతుందనా అంటే, చెప్పలేను.

నువ్వు ‘కుడి మీద పడింది’ అని రాసింది గుర్తుండి రాశావా, నేను అలా ఏడుస్తూ రాస్తే చూడలేక రాశావా అన్నది కూడా నాకు తెలియదు. ఉత్తరం పదిసార్లు చదివాను. ఒక్కోసారి ఒక్కోలా ఉంది. అడిగినా, ‘గుర్తుండే రాశాను’ అనే అంటావు. రెండిటిలో ఏదైనా అదే మాట అంటావు.

నీ చెవి పోయింది నా వల్లో కాదో, తమ్ముడూ, నాకు తెలియదు. ఇక తెలుస్తుందనీ అనుకోను.

నీ అప్ప,
తనూజ